ఊరికొచ్చిన ఫైబరు ఇంటికెందుకు రాలేదు?

(రేడియో ప్రసంగ పాఠం)

మస్కట్ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ నేను చేసేది కంప్యూటర్ నెట్‌వర్కులకు సలహాలిచ్చే ఉద్యోగం. ఆ ఉద్యోగం పుణ్యమా అని శుక్రవారం ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పడం లేదు. "మా ఊరికి గవర్నమెంటు ఫైబరు వచ్చిందని పేపర్లో రాశారండీ, మరి అమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ ఎందుకు ఆగిపోతోంది?" అని. కోనసీమ వాళ్ళూ అడుగుతారు, కడప వాళ్ళూ అడుగుతారు, జగిత్యాల వాళ్ళూ అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఈవేళ ఒకేసారి చెబుదామని.

పేపరు వాళ్ళు అబద్ధం రాయలేదండీ. మీ అమ్మగారూ అబద్ధం చెప్పడం లేదు. "వచ్చింది" అనే మాటకి ప్రభుత్వం లెక్కలో ఒక అర్థం, మన ఇంట్లో ఇంకో అర్థం. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో తెలిస్తే, ఇంటికి కనెక్షన్ పెట్టించేటప్పుడు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ముందు బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో చూద్దాం. ఇది ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకునే మాట కాదు, ప్రభుత్వం ఉత్తర్వులో రాసుకునే మాట. 2004 అక్టోబరులో భారత ప్రభుత్వం మొదటిసారి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకి 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. అప్పటికి అది తక్కువేమీ కాదు. మోడెం కీచుమంటూ ఫోను లైనుని మింగేసే రోజులవి. 2013లో దాన్ని 512 కిలోబిట్లు చేశారు. 2012 నాటి జాతీయ టెలికాం విధానం మాత్రం 2015 కల్లా 2 మెగాబిట్లు అని రాసుకుంది. ఆ 2 మెగాబిట్లు నిర్వచనంలోకి ఎక్కింది 2023 జనవరిలో! కాగితం మీద ఒక అంకె మార్చడానికే అన్నేళ్ళు పడితే కొండలెక్కి కేబుల్ వెయ్యడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఊహించుకోండి.

అమెరికాలో ఉన్న శ్రోతలు మరీ నవ్వుకోనక్కర్లేదు. అక్కడి ఎఫ్‌సీసీ 2010లో 4 మెగాబిట్లు, 2015లో 25, 2024 మార్చిలో 100 అని పెంచుకుంటూ వచ్చింది. అక్కడా పల్లెల్లో చాలామందికి ఆ అంకెలు కాగితం మీదే ఉన్నాయి. కానీ ఒక తేడా చూడండి. అమెరికా వాళ్ళు రెండు అంకెలు రాస్తారు. 2015లో 25కి పక్కన 3, 2024లో 100కి పక్కన 20. మొదటిది డౌన్‌లోడ్, రెండోది అప్‌లోడ్. మన 2023 నిర్వచనంలో ఉన్నది ఒకే అంకె, అది డౌన్‌లోడ్‌కి. అప్‌లోడ్ ఎంతుండాలో చెప్పలేదు.

మన వీడియో కాల్ తంటా అంతా ఇక్కడే ఉంది. అమ్మ ముఖం మీకు కనబడాలంటే ఆ బొమ్మ అమ్మ ఇంట్లోంచి బయలుదేరి మీ దాకా రావాలి. అమ్మ వైపు నుంచి చూస్తే అది అప్‌లోడ్. మీరు మస్కట్‌లో ఎన్ని రియాల్స్ పోసి 5జీ పెట్టె తెచ్చుకున్నా అమ్మ బొమ్మ బాగుపడదు. మీ బొమ్మ అమ్మకి చక్కగా కనబడుతుంది, "నువ్వు బాగా కనిపిస్తున్నావురా" అంటుంది, మీకు మాత్రం ఆవిడ సగం నోరు తెరిచి ఆగిపోయి కనిపిస్తుంది. మామూలు వీడియో కాల్‌కి అటూ ఇటూ దాదాపు 600 కిలోబిట్లు కావాలి, కాస్త స్పష్టంగా ఉండాలంటే 1 మెగాబిట్ పైన. ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళలేని పెద్దవాళ్ళు హైదరాబాదు డాక్టరుకి కాలి వాపు చూపించాలన్నా, పిల్లవాడు ఆన్‌లైన్ క్లాసులో మాట్లాడాలన్నా కావలసింది ఈ రెండో అంకే. సినిమా చూడటానికి మాత్రం మొదటి అంకె చాలు. మన నిర్వచనం సినిమా చూసేవాడిని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది. (ఒమాన్‌లో ఏ యాప్‌లో కాల్ కలుస్తుంది, ఏ యాప్‌లో కలవదు అన్నది వేరే కథ. అది ఇక్కడి శ్రోతలకు నేను చెప్పక్కర్లేదు.)

ఇంకో సంగతి. మన లెక్కల్లో మొబైల్ ఫోన్లో వచ్చే ఇంటర్నెట్టు కూడా బ్రాడ్‌బ్యాండే. 2024 చివరికి ట్రాయ్ లెక్కలో దేశంలో 94 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లున్నాయి. అందులో తీగ ద్వారా ఇంటికొచ్చేవి నాలుగు కోట్ల పైచిలుకే. మిగతావన్నీ గాల్లోవి. అందులో తప్పేం లేదు, పల్లెకి ఇంటర్నెట్టు తెచ్చింది ముందుగా టవరే. కాకపోతే సాయంత్రం ఏడింటికి ఊరంతా ఒకే టవరు మీద పడితే ఎవరికీ సరిగ్గా రాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. పల్లెల్లో కేబుల్ వేస్తే కంపెనీకి గిట్టదు. మైళ్ళ కొద్దీ గొయ్యి తవ్వాలి, చివర ఇళ్ళు పలచగా ఉంటాయి. అందుకని ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. 2002 ఏప్రిల్ నుంచి టెలికాం కంపెనీల రాబడిలో నూటికి 5 రూపాయలు ఈ నిధికి వెళుతోంది. 2003లో దీనికి చట్టబద్ధత వచ్చింది. పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2023 టెలికాం చట్టం దాని పేరు డిజిటల్ భారత్ నిధి అని మార్చింది, 2024లో నియమాలు వచ్చాయి. అంటే సెలవుకి వెళ్ళినప్పుడు మీరు అక్కడ సిమ్‌లో వేయించుకునే రీఛార్జిలో కూడా కొంత భాగం ఏదో పల్లె పేరు మీద జమ అవుతోందన్నమాట. జమ అయినదంతా ఏటికేడు ఖర్చయిందా అంటే కాలేదు. పెద్ద మొత్తాలే మిగిలాయి, పార్లమెంటులో దీని మీద ప్రశ్నలూ వచ్చాయి.

ఈ నిధితో తలపెట్టిన అతి పెద్ద పని 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు, 20,000 కోట్లు, రెండేళ్ళ గడువు. ప్రయోగానికి దేశం మొత్తంలో మూడు బ్లాకులు ఎంచుకున్నారు. ఒకటి రాజస్థాన్‌లో అరాయిన్, ఒకటి త్రిపురలో పానిసాగర్, మూడోది మన అప్పటి విశాఖపట్నం జిల్లా పరవాడ. 2012లోనే పరవాడ పంచాయతీలకి ఫైబరు వెళ్ళింది. ఆ రకంగా దేశంలో ఈ ఫైబరు ముఖం ముందుగా చూసిన వాళ్ళలో మన తెలుగు పల్లెలున్నాయి. ఆ తర్వాత కథ నెమ్మదించింది. 2015లో భారత్‌నెట్ అని పేరు మారింది. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు. ఆ సంవత్సరమే మొత్తం అంచనా 42,068 కోట్లకు పెరిగింది. 2023 ఆగస్టులో సవరించిన పథకానికి 1,39,579 కోట్లు. మొదట అనుకున్నదానికి దాదాపు ఏడు రెట్లు. ఇందులో న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పని కూడా పెరిగింది. పంచాయతీ లేని శివారు ఊళ్ళు చేరాయి, పదేళ్ళ నిర్వహణ చేరింది. మొదటి లెక్కలో ఆ రెండూ లేకపోవడమే అసలు లోపం అని నేననుకుంటాను.

ఎలా వేశారో చూస్తే ఆ లోపం అర్థమవుతుంది. మండల కేంద్రం దాకా బీఎస్‌ఎన్‌ఎల్‌కి ఎప్పటినుంచో ఫైబరుంది. కాబట్టి ఖర్చు కలిసొస్తుందని మండలం నుంచి పంచాయతీ వరకు మాత్రమే కొత్త తీగ వేశారు. పంచాయతీ ఆఫీసులోనో పక్కనున్న బడిలోనో గోడకి ఒక పెట్టె. ఆ పెట్టెలో దీపం వెలిగితే లెక్కలో ఆ పంచాయతీకి ఫైబరు వచ్చినట్టే. అక్కడి నుంచి మీ ఇంటికి తీగ ఎవరు వెయ్యాలి? వేరే ఎవరైనా వస్తారని అనుకున్నారు. కేబుల్ ఆపరేటరో, ప్రైవేటు కంపెనీయో, బీఎస్‌ఎన్‌ఎలో. చాలా ఊళ్ళకి ఎవరూ రాలేదు. పెట్టె గదిలో ఉండిపోయింది, గదికి తాళం ఉండిపోయింది, కరెంటు పోతే దీపం ఆరిపోయింది. కాలవ తవ్వి ఊరి పొలిమేరలో ఆపేసి, బోదెలు తవ్వకపోతే పైరుకి నీళ్ళెలా వస్తాయి? అలాగన్నమాట.

ఆ పెట్టెకి పెట్టుకున్న ప్రమాణం పంచాయతీకి 100 మెగాబిట్లు. వినడానికి బాగుంది. ఒక్కసారి లెక్క వెయ్యండి. ఒక ఇంట్లో సినిమా చూస్తే ఓ 4 మెగాబిట్లు. అంటే ఒకేసారి పాతిక ఇళ్ళు. ఊళ్ళో ఇళ్ళు నాలుగు వందలు. అందరూ ఒకేసారి వాడరు కదా అంటారు, నిజమే. ఆ ధీమాతోనే ఒకే వేగాన్ని చాలామందికి అమ్ముతారు. 2009లో ట్రాయ్ ఇళ్ళకైతే ఒకరి వాటాని 50 మందికి మించి పంచకండి అని మార్గదర్శకాలిచ్చింది. కంపెనీ వాడు "మీకు 50 మెగాబిట్ల ప్లాను" అన్నప్పుడు మీ వెనకాల ఇంకెంతమంది అదే గొట్టంలో ఉన్నారో ఆ కాగితం మీద ఉండదు.

మన రెండు రాష్ట్రాలూ వేరే దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2015లో ఫైబర్‌నెట్ సంస్థ పెట్టి, గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. సబ్‌స్టేషన్ నుంచి సబ్‌స్టేషన్‌కి, దాదాపు 23,000 కిలోమీటర్లు. భూమిలో వేసే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ, పనీ తొందరగా అయ్యింది. 2016 డిసెంబరులో కోనసీమలో మోరి గ్రామంలో ప్రారంభించారు, అదే జీడిపప్పుకి పేరున్న మోరి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో పథకాన్ని జాతికి అంకితం చేశారు. నెలకి 149 రూపాయలకి టీవీ ఛానళ్ళు, ఫోను, 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు. ఇక్కడ తెలివైన పని ఏమిటంటే, ఇంటికి తీగ వేసే పని ఊళ్ళో ఉన్న కేబుల్ ఆపరేటరుకే అప్పగించారు. అతనికి ప్రతి ఇల్లూ తెలుసు, నిచ్చెన ఉంది, నెలవారీ వసూలు అలవాటుంది. ఢిల్లీ పథకం మరిచిపోయిన ఆఖరి అర కిలోమీటరుని వీళ్ళు మొదట్లోనే పట్టించుకున్నారు. తర్వాత టెండర్ల మీద కేసులూ, ప్రభుత్వాలు మారడాలూ, ధరలు మారడాలూ జరిగాయి. ఆ రాజకీయం జోలికి నేను పోను.

స్తంభాల పద్ధతిలో చిక్కు కోస్తా వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో వేల కరెంటు స్తంభాలని పడగొట్టింది. స్తంభం పడితే దాని మీద తీగ ఎక్కడుంటుంది? అదే సమయంలో దేశాల్లో ఉన్న పిల్లలకి ఇంటి కబురు కావాలి.

తెలంగాణ వాళ్ళు ఇంటింటికీ మంచినీళ్ళిచ్చే మిషన్ భగీరథ గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబరు గొట్టం కూడా వేశారు. ఎలాగూ తవ్వుతున్నాం కదా అని. ఇది చాలా మంచి ఆలోచన అని నా అభిప్రాయం. ఫైబరు ఖర్చులో సింహభాగం గాజు తీగది కాదు, తవ్వకానిది. కానీ గొట్టం ముందు పడింది, సేవ ఆలస్యమైంది. 2024 డిసెంబరులో సంగారెడ్డి జిల్లా సంగుపేట, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, నారాయణపేట జిల్లా మద్దూరు లాంటి కొన్ని ఊళ్ళలో ఇంటింటి సేవ ప్రయోగాత్మకంగా మొదలైంది.

ఇక నేనుండే ఒమాన్ సంగతి. పోలిక కోసం చెబుతున్నాను, గొప్ప చెప్పడానికి కాదు. ఒమాన్ విస్తీర్ణం 3,09,500 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త పెద్దది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఎనిమిదిన్నర కోట్ల మంది ఉంటే ఇక్కడున్నది 50 లక్షల చిల్లర, అందులో నూటికి నలభై మందికి పైగా మనలాంటి పరదేశీలు. సముద్రం పక్కన జనం, మధ్యలో ఎడారి, ఉత్తరాన హజర్ కొండలు. ప్రభుత్వం ఒమాన్ బ్రాడ్‌బ్యాండ్ అని ఒక సొంత కంపెనీ పెట్టింది. 2014లో పని మొదలుపెట్టిన ఆ కంపెనీ ఫైబరు వేస్తుంది గానీ ఇంటికి కనెక్షన్ అమ్మదు. తీగని టోకున టెలికాం కంపెనీలకి అద్దెకిస్తుంది. ఒమాన్‌టెల్, ఊరెడూ, 2022లో వచ్చిన వొడాఫోన్ లాంటి వాళ్ళు మనకి బిల్లు పంపుతారు. ఒకరి సేవ నచ్చకపోతే అదే తీగ మీద ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు. మన పల్లెలో అది కుదరదు. ఊరికి ఒకే కేబుల్ ఆపరేటరు. ఆయన మంచివాడైతే మన అదృష్టం.

కొండల్లో మాత్రం ఇక్కడా ఫైబరు గిట్టదు. పనిమీద ఒకసారి నిజ్వా దాటి లోపలికి వెళ్ళినప్పుడు చూశాను. కొండ నెత్తిన సౌరఫలకలతో ఒక టవరు, కింద ఫలజ్ నీళ్ళతో బతికే ఖర్జూరపు తోట, లెక్క పెడితే ముప్పై ఇళ్ళు. ఆ టవరు లాభం కోసం కట్టింది కాదని చూడగానే తెలుస్తుంది. మారుమూల పల్లెలకి సిగ్నల్ ఇవ్వడాన్ని లైసెన్సు షరతుల్లో పెడితే కంపెనీ కట్టక తప్పదు. డబ్బు వసూలు చేసి నిధిలో వేసి, దాన్ని మళ్ళీ పథకంగా తీసి ఖర్చు పెట్టడం ఒక దారి, కంపెనీ మెడకే బాధ్యత కట్టడం ఇంకో దారి. ముప్పై ఇళ్ళ పల్లెకి రెండోదే తొందరగా పనిచేస్తుందని నా అనుభవం. అయితే ఇక్కడ పల్లెలు చాలా తక్కువ, మనకి లక్షల్లో. ఆ మాట మరిచిపోయి ఒమాన్‌లో చేశారు మన దగ్గరెందుకు చెయ్యరు అని వాదించకూడదు. పైగా ప్రకృతి ఇక్కడా వదలదు. 2007లో గోను తుఫానుకీ, 2021లో షహీన్‌కీ వాదీలు పొంగి రోడ్లతో పాటు కేబుళ్ళనీ లాక్కుపోయాయి.

అసలైన ప్రమాణం తీగ తెగినప్పుడు బయటపడుతుంది. భారత్‌నెట్ మొదటి పద్ధతిలో మండలం నుంచి తీగ చెట్టు కొమ్మల్లా వెళ్ళేది. రోడ్డు వెడల్పు చేసేవాడి పొక్లెయిన్ ఒక చోట కొరికితే అవతల పంచాయతీలన్నీ చీకటి. 2023 సవరణలో దాన్ని వలయంలా మార్చాలన్నారు. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి వస్తుంది. కట్టిన కాంట్రాక్టరే పదేళ్ళు చూసుకోవాలన్న షరతు కూడా అప్పుడే చేరింది. ఇన్నేళ్ళలో మారిన అంకెలన్నింటికన్నా ఈ రెండు మార్పులే నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నాయి. కేబుల్ వేసిన ఫోటో పేపర్లో పడుతుంది, అతికిన ఫోటో పడదు. అందుకని వెయ్యడానికి దొరికినంత డబ్బు అతకడానికి ఎప్పుడూ దొరకలేదు.

మరమ్మతుకి ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. 2006లో ట్రాయ్ పెట్టిన నాణ్యతా నియమాల్లోనే, వచ్చిన ఫిర్యాదుల్లో నూటికి 90 మరుసటి పనిదినానికల్లా, 99 మూడు పనిదినాల్లో బాగుచేయాలని రాశారు. ప్లానులో చెప్పిన వేగంలో 80 శాతం పైన రావాలన్నారు. 2024 అక్టోబరు నుంచి కొత్త నియమాలు వాటి స్థానంలో వచ్చాయి. నియమం ఉందని మనవాళ్ళకి తెలియదు. మా ఊళ్ళో లైను పదకొండు రోజులు పోయినప్పుడు నాన్న ఫిర్యాదు నంబరే తీసుకోలేదు. "కుర్రాడికి చెప్పాను, వస్తానన్నాడు" అంటారు. నంబరు లేని ఫిర్యాదు ఏ లెక్కలోకీ రాదు, అప్పుడు ఆ కంపెనీ నివేదికలో అంతా సవ్యంగానే ఉంటుంది.

కాబట్టి అమ్మానాన్నల ఇంటికి కనెక్షన్ పెట్టించేవాళ్ళు "స్పీడెంత?" అని ఆగిపోకండి. అప్‌లోడ్ ఎంత అని అడగండి. డేటా అయిపోయాక వేగం ఎంతకి పడిపోతుందో అడగండి. 2016లో ట్రాయ్ అది 512 కిలోబిట్లకి తగ్గకూడదంది, అంత వేగంలో వీడియో కాల్ కుంటుతుంది. తీగ ఊళ్ళోకి ఎటునుంచి వస్తోంది, స్తంభాల మీదా, భూమిలోనా, కరెంటు పోతే ఆపరేటరు గదిలో బ్యాటరీ ఎంతసేపుంటుంది, ఇవి ఆపరేటరుకే తెలుస్తాయి. ఆయనతో మర్యాదగా మాట్లాడితే చెబుతాడు. ఇంట్లో రౌటరుకీ ఫైబరు పెట్టెకీ చిన్న ఇన్వర్టరు పెట్టించండి, ఖర్చు పెద్దది కాదు. వేగం చూసే పరీక్ష సాయంత్రం ఏడున్నరకి చెయ్యండి, మధ్యాహ్నం కాదు. మధ్యాహ్నం అందరికీ బాగానే వస్తుంది.

లైను పోతే ఫోను చేసి నంబరు రాసుకోమని నాన్నగారికి చెప్పండి, క్యాలెండరు మీద రాసుకున్నా చాలు. ఆ నంబరుతో పని కాకపోతే ప్రతి కంపెనీకీ అప్పీలు అధికారి ఉంటారు, అప్పీలుకి రుసుము లేదు. ఆ ఫిర్యాదు మస్కట్ నుంచి మీరే ఈమెయిల్లో పంపొచ్చు. కనెక్షన్ ఎవరి పేరు మీదుందో ఆ పేరూ, ఆ నంబరూ అందులో ఉండాలి. నాన్న పేరు మీద తీసుకుని మీ ఈమెయిలు ఇచ్చి ఉంటే ఈ పని తేలిక. సెలవుకి వెళ్ళినప్పుడు అది కూడా ఒకసారి చూసుకోండి.